చూసినవారి పేరు

కంప్యూటరు మా కాలువల ఆఫీసుకొచ్చిన రోజున సూపరింటెండెంటు గారు దానికి కొబ్బరికాయ కొట్టి, తెర మీద బొట్లు పెట్టారు. నేను లూథరన్ క్రైస్తవుల పిల్లని, కొబ్బరికాయ దగ్గర నిలబడలేదు గానీ, వరండాలోకి వెళ్లి కళ్లు మూసుకుని దేవుడితో నా మాట నేను చెప్పుకున్నాను. ఎందుకు చెప్పుకోను? దాన్ని నాకే అప్పజెప్పారు మరి. పాడైతే నా మెడకే చుట్టుకుంటుంది. ఆ బొట్టు తెర మీద ఎండిపోయి, నేను తడిగుడ్డతో తుడిచినా ఓ మూల ఎర్రగా అలాగే మిగిలిపోయింది.

తెనాలిలో మా ఆఫీసు పాత పెంకుటింట్లో ఉండేది. దుమ్ము పడకూడదని ఒక గదికి అద్దాలు బిగించి ఏసీ పెట్టారు. చెప్పులు బయట విప్పి లోపలికి రావాలి. ఇంజనీరు గారు కూడా బూట్లు విప్పి మేజోళ్లతో వచ్చేవారు. ఎంత పెద్ద ఆఫీసరైనా మేజోళ్లతో నిలబడితే కాస్త మెత్తబడతాడు. మేజోటికి బొటనవేలి దగ్గర చిల్లుంటే ఇంకా మెత్తబడతాడు. ఆయనకుండేది.

అంతకు ముందు ఎనభైలంతా నేనక్కడ టైపిస్టుని. ఇల్లు రేపల్లెలో. పొద్దున పాసింజరు ఎక్కి తెనాలి రావడం, సాయంత్రం మళ్లీ దాంట్లోనే పోవడం. జూన్‌లో కాలువలు వదిలాక నాకు రోజూ ఒకటే పని, నీళ్ల స్టేట్‌మెంటు. ఏ లాకుల దగ్గర నీళ్లెంత ఎత్తున్నాయి, ఏ కాలువకి ఎప్పుడు వదిలారు, ఎంత వదిలారు. గట్టు మీదుండి తూములు ఎత్తేదీ దించేదీ చూసే లస్కర్లు చీటీల మీద రాసి పంపేవాళ్లు. నేను స్టెన్సిల్ కొట్టేదాన్ని. ఫారం మాత్రం హైదరాబాదు నుంచి అచ్చయి వచ్చేది. అందులో ఎన్ని గడులుంటే అన్నే. వాటిని ఎవరు గీశారో, ఎందుకు గీశారో ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఎండా వానా లాగా అవీ పైనుంచే వచ్చేవి.

కంప్యూటరుతో పాటు ఒక ప్రోగ్రాం కూడా ఫ్లాపీల్లో వచ్చింది. అది నేర్చుకోమని నన్ను కొన్నాళ్లు బాపట్ల పంపించారు. అక్కడ ఒక కాలేజీలో మాకు పాఠం. మా బ్యాచ్‌లో ఆడదాన్ని నేనొక్కదాన్నే. మాకు చెప్పే కుర్ర మాస్టారు నాకంటే చాలా చిన్నవాడు, నన్ను మేడం అంటూ భయం భయంగా చూసేవాడు. చాలా రోజులు ఏమీ ఎక్కలేదు. తిరుగు బండిలో కూర్చుని, హాయిగా టైపు కొట్టుకునేదాన్ని, ఇదేం ఖర్మరా అనుకునేదాన్ని. ఒకరోజు ఆయన మెనూలో అట్టడుగునున్న ఒక మాట చూపించి, పైనుంచి వచ్చిన ఫారాలే కాదు, మీ ఆఫీసుకి ఏది కావాలో ఆ ఫారం మీరే గీసుకోవచ్చు అన్నాడు. గడికి పేరు మీరే పెట్టండి, అందులో తేదీ పట్టాలా, అంకె పట్టాలా, మాట పట్టాలా మీరే చెప్పండి, దాన్ని ఖాళీగా వదలొచ్చో కూడదో కూడా మీ ఇష్టమే అన్నాడు.

నేను నమ్మలేదు. ఏం గీయాలో తోచక ఆ రోజు కూర అని ఒక గడి పెట్టాను. అప్పటికి దాంట్లో తెలుగు అక్షరాలు లేవు, తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. ఖాళీగా వదలకూడదు అని కూడా పెట్టాను. మీట నొక్కగానే నల్లటి తెర మీద పచ్చటి అక్షరాల్లో అది నన్నే అడిగింది, కూర అని. నేను జవాబు చెప్పకుండా ముందుకెళ్లబోతే కీచుమని అరిచి వెనక్కి లాగింది. దొండకాయ అని కొట్టాక గానీ వదల్లేదు. నాకు ఒళ్లు జలదరించింది. నవ్వుకోండి, నాకేం పర్లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఫారాలు నన్ను అడగడమే చూశాను. తండ్రి పేరేంటి, కులమేంటి, మతమేంటి, భర్త ఉన్నాడా లేడా. మొట్టమొదటిసారి, ఏం అడగాలో చెప్పమని ఒక ఫారం నన్నడిగింది. నేను గీసిన గడిని రేపు గవర్నమెంటు అడుగుతుంది. నేను గీయకపోతే ఆ సంగతి గవర్నమెంటుకి లేనట్టే. ఆ సాయంత్రం బండిలో పొన్నూరు వైపు పొలాలన్నీ కిటికీలోంచి పోతూ ఉంటే కనపడ్డ ప్రతిదానికీ మనసులో ఒక గడి గీస్తూ కూర్చున్నాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా చర్చిలో ఒకావిడ ఉండేది. నేను అక్కా అనేదాన్ని. భర్త పోయాడు, పిల్లలు లేరు. రేపల్లెకి అవతల, నిజాంపట్నం పోయే దారిలో, కాలువకి కొట్టకొనన కాస్త పొలం కౌలుకి చేసేది. మా వైపు వాటిని శివారు భూములంటారు. కాలువ తల దగ్గర వదిలిన నీళ్లు దారిలో అందరూ తాగగా మిగిలితే అక్కడికి రావాలి. మిగిలేవి కాదు, పైన వాన పడితేనే పంట. అప్పుడప్పుడే ఆ చుట్టుపక్కల రొయ్యల చెరువుల పిచ్చి మొదలైంది. ఇవాళ వరి చేనున్న చోట పై నెలకి చెరువు గట్టు లేస్తోంది. అక్క చేసే పొలం ఆసామి తెనాల్లో ఉండేవారు, పెద్దాయన. ఈ ఏడు నారు లేచి నాట్లు పడితే పడ్డట్టు, లేకపోతే చెరువుకిచ్చేస్తానని ఖచ్చితంగా చెప్పేశారు. ఆమెకి ఆ పొలం తప్ప వేరే ఆధారం లేదు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద నన్ను పట్టుకుంది. నారుమడి దున్ని పెట్టాను, విత్తనం నానబోయాలా వద్దా, మీ కాలువలో నీళ్లెప్పుడొస్తాయమ్మా అంది. నేను గొప్పగా, బుధవారమే వదిలేశారుగా అక్కా, స్టేట్‌మెంటు నేనే కొట్టాను అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, వదిలారేమో, రాలేదమ్మా అంది.

వదలడం వేరు, రావడం వేరు. ఇన్నేళ్లు ఆ ఆఫీసులో కూర్చుని రోజూ నీళ్ల లెక్క కొట్టినదాన్ని, ఈ రెండూ వేరని నాకు తట్టలేదు. మా ఫారంలో వదిలిన తేదీకి గడి ఉంది, చేరిన తేదీకి లేదు. హైదరాబాదు నుంచి వచ్చిన కొత్త ప్రోగ్రాంలోనూ లేదు. అంటే నీళ్లు చేరడం అనే విషయాన్ని మా గవర్నమెంటు ఎప్పుడూ ఎవర్నీ అడగనే లేదు. సోమవారం పొద్దున్నే ఇంజనీరు గారి దగ్గరికి వెళ్లి, సార్, చివరికి చేరిన తేదీ అని ఒక గడి పెడతాను అన్నాను. ఆయనకి కంప్యూటరంటే ముచ్చట. పెట్టమ్మా, పోయేదేముంది అన్నారు.

పెట్టాను. లస్కర్ల చీటీల్లో కూడా ఆ గీత గీయించి పంపించాం. నాకు ఆ వారమంతా కాలు నిలవలేదు. చీటీలు తిరిగొచ్చాయి. ఒక్కటంటే ఒక్కటి ఖాళీ లేదు. ప్రతి కాలువకీ చివరికి చేరిన తేదీ రాసేశారు. చూస్తే, అది వదిలిన తేదీయే. పొద్దున తల దగ్గర వదిలారట, ఆ రోజే సముద్రం పక్కకి చేరిపోయాయట. విమానంలో వెళ్లాయి కాబోలు.

సూపరింటెండెంటు గారు నన్ను కూర్చోబెట్టి తాపీగా చెప్పారు. గవర్నమెంటులో ఖాళీ గడి అంటే ఏంటనుకున్నావు, పని చెయ్యలేదని ఒప్పుకున్నట్టు. ఖాళీగా పంపితే మెమో వస్తుంది, సంజాయిషీ రాయాలి. అందుకని ఎవడైనా ముందు గడి నింపుతాడు, తర్వాతే ఆలోచిస్తాడు. అబద్ధం చెప్పాలని కాదు, గడిని గౌరవించి నింపారు అన్నారు. నిజమే. ఆయన ఇంటి రేషన్ కార్డులో కూడా ఖాళీ ఉన్న చోటల్లా అడ్డగీత గీసి సంతకం చేసుకునే మనిషి. మా వాళ్లందరిదీ అదే పద్ధతి. ఖాళీగా వదలొచ్చు అని పెట్టి చూశాను. అయినా నింపారు. గడి పక్కన నీళ్లు రాకపోతే వదిలేయగలరు అని రాయించాను. అప్పుడూ నింపారు, చేతిరాత ఇంకా గుండ్రంగా.

నాకు ఒళ్లు మండింది. నా కోపం మా ఆఫీసులో అందరికీ తెలిసిందే, ముక్కు మీదే ఉంటుంది. అటు చూస్తే అక్క నారుమడి బీటలు తీస్తోంది. ఆ వారం చీటీలు పట్టుకొచ్చిన మా రేపల్లె వైపు లస్కరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మంచివాడే, ముసలాయన, ఆ గట్టు మీద పుట్టి పెరిగినవాడు. ఆ చీటీ ఆయన మొహం ముందు ఆడించి, చేరాయి చేరాయి అని రాశావు, ఎవరు చూశారయ్యా అని గట్టిగా అరిచాను. ఆయన నోరు తెరిచి, మళ్లీ మూసేశాడు. ఎవరో పేరు చెప్పబోయి ఆగిపోయాడని నాకు స్పష్టంగా తెలిసింది. తేదీ రాయడానికి ఆయనకి ఏ అడ్డూ లేదు. మనిషి పేరు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఆ మనిషి ఉంటాడు కదా, రేపు ఎవరైనా వెళ్లి అడిగితే లేదంటాడు కదా.

నేను అరవడం ఆపేసి లోపలికి వెళ్లి కూర్చున్నాను. చేరిన తేదీ గడిని చెరిపేసి, దాని చోట ఇంకోటి గీశాను. చివర నీళ్లు చూసినవారి పేరు. అందులో లస్కరు తన పేరే రాసుకుంటాడేమోనని, చీటీ రాసిన లస్కరు పేరూ ఈ పేరూ ఒకటైతే కీచుమనమని కూడా చెప్పాను. ఎవరూ చూడకపోతే లేరు అని కొట్టొచ్చు. అది కూడా జవాబే, ఖాళీ కాదు. ఇంజనీరు గారు మేజోళ్లతో వెనక నిలబడి చూస్తున్నారు. ఇది గట్టి ప్రశ్నమ్మా అన్నారు.

తర్వాతి వంతుకి చీటీలొచ్చాయి. కాలువల్లో నీళ్లు తక్కువైనప్పుడు అందరికీ ఒకేసారి ఇవ్వరు, వంతుల మీద వదులుతారు. ఆ చీటీలన్నీ ఎక్కించి ప్రింటు తీశాను. ఆ ప్రింటరు చేసే రొదకి పక్క గదిలో వాళ్లు మాటలాపేవాళ్లు. పక్కల చిల్లులున్న కాగితం మడత మీద మడతగా కిందకి జారుతోంది. చేబ్రోలు వైపు పేర్లున్నాయి. పొన్నూరు వైపు కొన్నిటికి ఉన్నాయి. కిందకి వచ్చే కొద్దీ లేరు. లేరు. లేరు. రేపల్లె, నిజాంపట్నం పక్క కాలువలన్నిటికీ అదే మాట. ఇంజనీరు గారు కాగితాన్ని బల్ల మీద పొడవుగా పరిచి, పై నుంచి కిందకి వేలు పెట్టి చూసుకుంటూ వచ్చారు. కింద దాకా వచ్చి ఆగిపోయారు. ఈ కాలువల మ్యాపు నేను కళ్లు మూసుకుని గీస్తాను, సముద్రం దాకా నీలంగా గీస్తాను అన్నారు.   ఆ కాగితంలో కొత్త సంగతేదీ లేదు, శివారు రైతులు తాతల కాలం నుంచి మొత్తుకుంటున్నదే. కానీ అడిగాం, జవాబు వచ్చింది, వరసగా అచ్చయి బల్ల మీద పరుచుకుంది. నాకు భయమేసింది, దేవుడి పని చూసినప్పుడు వేసే భయం లాంటిది.

ఆయన ఆర్డరు వేశారు. తర్వాతి వంతుకి పై తూములన్నీ దించి, మనిషిని కాపలా పెట్టి, నీళ్లు ముందు చివరికి పోనివ్వాలి. చివర్న సాగు చేసేవాళ్లలో ఎవరో ఒకరు చూశామని పేరివ్వాలి. పేరొచ్చిన కాలువకి ఆ పై వంతుల్లోనూ ఇదే పద్ధతి. పేరు రాకపోతే అక్కడ సాగే లేదు, అంతా చెరువులైపోయాయని లెక్క, పై తూములు మళ్లీ ఎప్పట్లాగే. చెరువులకి మంచినీళ్లు పంపించలేం కదా, ఆయన చెప్పిందాంట్లో తప్పులేదు. నేను ఆ ఆర్డరు టైపు కొడుతూ, అక్క పంట గట్టెక్కినట్టే అని మురిసిపోయాను.

ఆ ఆదివారం ఈ మాట చెబుదామని పరిగెత్తుకెళ్తే ఆమె మొహంలో రక్తం లేదు. చర్చి గోడ పక్కకి తీసుకెళ్లి చెప్పింది. ఆ కాలువ చివర సాగులో మిగిలింది తనొక్కతే కాబట్టి, లస్కరు వచ్చి పేరివ్వాలన్నాడట. ఆ సంగతి తెనాల్లో ఆసామికి తెలిసింది. మా వైపు కౌలంతా నోటి మాట మీదే. కాగితం ఉండదు. కౌలుదారు పేరు ఏ గవర్నమెంటు కాగితం మీదైనా ఎక్కిందంటే, రేపు పొలం నాదని కోర్టుకెక్కుతారని ఆసాములకి హడల్. అందుకే కొందరు కౌలుదారుల్ని రెండు మూడేళ్లకోసారి మార్చేసేవాళ్లు. ఆసామి మనిషిని పంపించి ఒకటే మాట చెప్పించారట, నీ పేరు కాగితం మీద ఎక్కిన రోజున గట్టు దిగెయ్యి అని.

అంటే, పేరిస్తే పొలం పోతుంది. పేరివ్వకపోతే ఈ ఒక్క వంతు నీళ్లొచ్చినా ఆ పై వంతుకి రావు, లేచిన నారు ఎండుతుంది, అప్పుడూ పొలం పోతుంది.  నేను గీసిన గడి వచ్చి ఆమె గుమ్మంలో నిలబడుతుందని నాకెలా తెలుసు? ఏసీ గదిలో కూర్చుని ఒక గీత గీస్తే అది ఇన్ని మైళ్లు పోయి ఒక మనిషిని గట్టు దిగమంటోంది. అక్కా, ఆ కాలువ ఒక్కదానికీ ఆ గడి తీసేస్తాను, ఒక్క మీట నొక్కితే చాలు, ఎవరికీ తెలియదు అన్నాను.  తీసేస్తే మళ్లీ నీళ్లెవరు చూశారని అడిగేవాళ్లుండరు కదమ్మా అంది ఆమె. ఆ మాట అని చీర చెంగు భుజం మీద సర్దుకుని వెళ్లిపోయింది. ఏం చేస్తుందో చెప్పలేదు. 

వంతు శుక్రవారం మొదలైంది. ఆదివారం ఆరాధన అవగానే ఆమెతో పాటు పొలానికి వెళ్లాను. బస్సు దిగి గట్టెంట చాలా దూరం నడిచాం. పిల్ల కాలువ ఎండి, అడుగున మట్టి పెంకుల్లా లేచి ఉంది. అటు పక్క, ఇటు పక్క కొత్త చెరువు గట్లు. మధ్యలో ఆమె నారుమడి, దున్ని చదును చేసి, వాకిలంత శుభ్రంగా ఉంది. ముందు వంతుకి రాని నీళ్ల కోసం నానబోయకుండా దాచిన విత్తనం ఈసారి ధైర్యం చేసి నానబోసి, మొలక కట్టి గోనెసంచీలో గట్టు మీద పెట్టింది. ఇవాళ తడి తగలకపోతే అది పనికిరాదు.

కాలువ గట్టు మీద కూర్చున్నాం.  ఎండ చురచురలాడుతోంది. చాలాసేపటికి ఆమె లేచి నిలబడి, అటు చూడు అంది. నాకేమీ కనపడలేదు. తర్వాత కాలువ వంపు దగ్గర నేల కదిలినట్టు అనిపించింది.

నా సర్వీసంతా నీళ్లు అనే మాట కొట్టినదాన్ని. నీళ్లు రావడం మాత్రం ఆ రోజు దాకా చూడలేదు. ఇంత ఎత్తున ఉరికి వస్తాయనుకున్నాను. అలా రాలేదు. మనిషి నడిచినంత మెల్లగా వచ్చాయి. ముందర ఎర్రటి నురగ, ఎండుటాకులు, గడ్డిపరకలు, ఎవరిదో పాత రబ్బరు చెప్పు, వాటన్నిటినీ తోసుకుంటూ ఒక నాలుక ముందుకొస్తుంది. ఒక బీట దగ్గర ఆగుతుంది. అది నిండేదాకా అక్కడే ఉంటుంది. నిండాక మళ్లీ కదులుతుంది. ఎండిన మట్టి తాగుతున్న చప్పుడు నా చెవులకి వినపడింది. బొరియల్లోంచి పీతలు బయటికొచ్చేశాయి. ఎక్కడో కొండల్లో పడిన వాన, పెద్ద ఆనకట్ట దాటి, మా లాకులన్నీ దాటి, పై తూములన్నీ మూసి ఉన్నాయి కాబట్టి, ఇక్కడ దాకా నడిచొచ్చింది. ఒక గడి కోసం. నాకు కళ్లెంబడి నీళ్లొచ్చేశాయి, దాచుకోలేదు. అక్క మాత్రం ఏడవలేదు. పార తీసుకుని మడి గండి కొట్టింది. నీళ్లు తలొంచి లోపలికి పోయాయి.

మడి సగం తడిసిందో లేదో, గట్టు మీద సైకిలు మీద లస్కరు వచ్చాడు, జేబులో చీటీ. ఆ వెనకే స్కూటరు చప్పుడు. ఆసామి. పంచె పైకి దోపుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని గట్టెక్కారు. పెద్ద వయసు, ఆయాసం. ఆ పొలానికి ఆయన వచ్చి ఎన్నేళ్లయిందో, దారి లస్కరుని అడిగి తెలుసుకున్నారట. మడిలోకి ఒకసారి చూశారు. తర్వాత లస్కరు వైపు తిరిగి, చీటీలో నా పేరు రాసుకో, పొలం నాది, నీళ్లు నేనే చూస్తున్నాను కదా అన్నారు. మాట న్యాయంగానే ఉంది. కళ్లతో చూస్తున్నాడు మనిషి. లస్కరు పెన్సిలు తీశాడు. నేను గవర్నమెంటు మనిషిని, నోరెత్తడానికి లేదు. పళ్లు బిగబట్టి నిలబడ్డాను.

అక్క పార గట్టున గుచ్చి, కాళ్లకి బురదతోనే వచ్చి ఆయన ముందు నిలబడింది. గొంతు పెంచలేదు.

"బాబుగారూ, మీరు ఇప్పుడొచ్చారండి. నీళ్లు ముందే వచ్చాయి. చూసింది నేను."

"నీ పేరెక్కితే రేపు పొలం నాదంటావు," అన్నారాయన.

"చూశానని చెప్పడానికి పొలం నాదవ్వక్కర్లేదు కదండీ. పొలం మీదే. ఎప్పటికీ మీదే. చూసింది మాత్రం నేనండి. గట్టు దిగమంటే దిగుతాను, నా పేరు రాశాకే దిగుతాను."

 నీళ్లు గండిలోంచి పోతున్న చప్పుడొక్కటే. లస్కరు గొంతు సవరించుకుని, ఎంతో వినయంగా, తమరి పేరే రాయమంటే రాస్తానండి, కాకపోతే వంతు వంతుకీ తమరే తెనాలి నుంచి వచ్చి చూడాల్సి ఉంటుంది, చూడనివాళ్ల పేరు ఆ మిషను పట్టట్లేదు అన్నాడు. నాకు ఆ ముసలాయన కాళ్లకి దండం పెట్టాలనిపించింది. ఎందుకంటే అది నిజం కాదు. ఎవరు చూశారో, ఎవరు చూడలేదో మిషనుకేం తెలుసు? ఆయన నా వైపు చూడలేదు, నేనూ ఆయన వైపు చూడలేదు.

 ఆసామి గట్టు మీద గొంతుక్కూర్చుని, ఒక చెయ్యి కాలువలో పెట్టారు. నీళ్లు ఆయన వేళ్ల మధ్య నుంచి పోతున్నాయి.  మా నాన్న ఉన్నప్పుడు ఒకసారి వచ్చాయి అన్నారు, ఎవరితోనో తెలియదు. తర్వాత లేచి, చెయ్యి పంచెకి తుడుచుకుని, ఆవిడ పేరే రాసుకో అని లస్కరుతో చెప్పి, చెప్పులు పట్టుకుని వచ్చిన దారినే నడిచి వెళ్లిపోయారు. గట్టు దిగమని ఆమెతో మళ్లీ అనలేదు. ఆ ఏడు ఆ చివర నాట్లు పడ్డాయి. నేను రేపల్లె వదిలి వెళ్లేదాకా ఆ పొలం ఆమే చేసింది, చుట్టూ చెరువులే, మధ్యలో ఆ ఒక్క పచ్చ ముక్క.

సోమవారం పొద్దున చెప్పులు విప్పి ఆ గదిలోకి వెళ్లి కూర్చున్నాను. చీటీలో లస్కరు పెన్సిలుతో వంకర టింకరగా రాసిన పేరు. ఏ పాసు పుస్తకంలోనూ, ఏ పట్టాలోనూ, కాలువల ఆఫీసు పెట్టిన దగ్గర్నుంచి మా ఏ కాగితంలోనూ లేని పేరు. ఒక్కో అక్షరం చూసుకుని కొట్టాను. తండ్రి ఎవరు, భర్త ఎవరు, ఆ పొలం నీకేమవుతుంది అని ఆ మిషను ఏమీ అడగలేదు. పేరు తీసుకుని తర్వాతి కాలువకి వెళ్లిపోయింది.